బెర్లిన్‌లో నెల ఖర్చు: ఆఫర్ లెటర్ చేతికొచ్చాక వేసుకోవలసిన లెక్క

బెర్లిన్‌లో ఉద్యోగం ఖాయమైందని తెలియగానే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి ప్రశ్న అక్కడ నెలకు ఎంతవుతుందనే. దానికి ఠక్కున ఒక అంకె చెప్పేవారి మాట అలాగే పట్టుకోకపోవడం మంచిది. వారు అబద్ధం చెబుతారని కాదు, తమ ఇంటి లెక్క చెబుతారు. మేముండే భవనంలో మూడో అంతస్తులో ఎదురెదురుగా రెండు ఇళ్లున్నాయి. కొలత ఒకటే, గదులు రెండేసి, కిటికీలు కూడా ఒకే వీధివైపు. ఒక ఇంట్లో పదిహేనేళ్లుగా ఉంటున్న పెద్దావిడ ఎంత అద్దె కడుతుందో, ఎదురింట్లో నిరుడు దిగిన జంట దానికి రెట్టింపు కడుతోంది.

దీని వెనుక చట్టం ఉంది. బెర్లిన్‌లో ఇప్పటికే ఉంటున్నవారి అద్దెను మూడేళ్లలో 15 శాతానికి మించి పెంచడానికి సాధారణంగా వీల్లేదు. అందుకే ఊరంతటి అద్దెలను కూర్చి వేసే అధికారిక పట్టిక మీట్‌ష్పీగెల్‌లో 2024 సగటు చదరపు మీటరుకు నెలకు 7 యూరోలకు కాస్త పైన తేలింది. అదే సమయంలో కొత్తగా ఇల్లు వెతుక్కునేవారికి ప్రకటనల్లో కనిపించిన ధర దానికి రెట్టింపుగానో అంతకంటే ఎక్కువగానో ఉంది. సగటు చూసి బడ్జెట్ వేసుకున్నవారు ఇక్కడికొచ్చాక తలపట్టుకునేది ఈ తేడా దగ్గరే. కాబట్టి కింది లెక్క కొత్తగా దిగేవారిని దృష్టిలో పెట్టుకుని వేసినది. చట్టం, ప్రభుత్వం నిర్ణయించిన మొత్తాలను ఉన్నవి ఉన్నట్టు ఇచ్చాను. సరుకులు, కరెంటు, కొత్త ఇళ్ల అద్దెలు మాత్రం మా ఇంటి పద్దులోంచి, ఇక్కడి మిత్రుల ఇళ్ల నుంచి తీసుకున్న అంచనాలు.

మొదటి మెట్టు: బ్రుట్టోను నెట్టోగా మార్చుకోండి

ఆఫర్ లెటర్‌లో కనిపించేది బ్రుట్టో, అంటే కోతలకు ముందు జీతం. బ్యాంకు ఖాతాలో పడేది నెట్టో. ఈ రెంటి మధ్య దూరం మన దేశంలో అలవాటైన దానికంటే చాలా ఎక్కువ. ఆదాయపు పన్నుతోపాటు నాలుగు సామాజిక బీమాలకు మీ వాటా జీతంలోంచే పోతుంది. పెన్షన్‌కు 9.3 శాతం, నిరుద్యోగ బీమాకు 1.3 శాతం, ఆరోగ్య బీమాకు 7.3 శాతంతోపాటు మీరు ఎంచుకున్న సంస్థ వేసే అదనపు వాటాలో సగం, చివరగా వృద్ధాప్య సంరక్షణ బీమా. ఈ చివరిదానికి పిల్లలున్న ఉద్యోగి 1.8 శాతం కడితే, 23 ఏళ్లు దాటి పిల్లలు లేనివారు 2.4 శాతం కట్టాలి.

ఏడాదికి 65,000 యూరోల బ్రుట్టో ఉన్న, పెళ్లికాని ఉద్యోగిని తీసుకుందాం. 2025 రేట్లతో లెక్కవేస్తే నెలకు 5,417 యూరోల జీతంలో సుమారు 1,170 బీమాలకు, 910 పైచిలుకు పన్నుకు పోయి, చేతికి వచ్చేది 3,330 యూరోల దగ్గర తేలుతుంది. అదే జీతం, భార్యకు ఇక్కడ సంపాదన లేదు, ఒక బిడ్డ ఉంది అనుకుంటే, మూడో ట్యాక్స్ క్లాస్‌లో (కుటుంబ పరిస్థితిని బట్టి నెలవారీ పన్ను కోతను నిర్ణయించే వర్గాన్ని ట్యాక్స్ క్లాస్ అంటారు) దాదాపు 3,750 వస్తుంది. తేడా నెలకు 400 పైనే. చాలామంది జారిపోయేది సరిగ్గా ఇక్కడే. మూడో క్లాస్ రావాలంటే పెళ్లయి ఉంటే చాలదు, జీవిత భాగస్వామి కూడా ఇక్కడే నివాసం ఉండాలి. వీసా కోసం భార్య హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎదురుచూస్తున్నంత కాలం మీరు మొదటి క్లాసే. ఆమె వచ్చి నివాస నమోదు చేయించుకున్నాక కూడా వ్యవస్థ మామూలుగా ఇద్దరినీ నాలుగో క్లాస్‌లో పెడుతుంది. ఒకరికి మూడు, మరొకరికి ఐదు అనే కలయిక కావాలంటే పన్ను కార్యాలయమైన ఫినాన్ట్స్‌ఆమ్ట్‌కు మీరే దరఖాస్తు పెట్టాలి. అయితే ఈ కలయిక నెలవారీ కోతను మారుస్తుందే తప్ప ఏడాది మొత్తం పన్నును మార్చదు. ఇద్దరూ సంపాదించే ఇంట్లో దీన్ని ఎంచుకుంటే ఏడాది చివర తిరిగి కట్టవలసి రావచ్చు.

ఇంకో రెండు మాటలు. నివాస నమోదు ఫారంలో మతం అడుగుతారు. చర్చి పన్ను, ఆ పన్ను వసూలు చేసే క్రైస్తవ సంఘాల్లో సభ్యులైనవారికే ఉంటుంది. సభ్యులైతే బెర్లిన్‌లో ఆదాయపు పన్ను మీద 9 శాతం పడుతుంది. మన క్రైస్తవ కుటుంబాలు ఈ గడిని ఆలోచించి నింపాలి. రెండోది ప్రైవేటు ఆరోగ్య బీమా. 2025లో ఏడాది జీతం 73,800 యూరోలు, 2026లో 77,400 దాటిన ఉద్యోగులు దీన్ని ఎంచుకోవచ్చు. పాతికేళ్ల కుర్రాడికి అది చవకగానే కనిపిస్తుంది. కానీ ప్రభుత్వ పద్ధతి బీమాలో సంపాదన లేని భార్యకూ పిల్లలకూ అదనపు చెల్లింపు లేకుండా రక్షణ దొరుకుతుంది, ప్రైవేటులో మనిషికింత అని కట్టాలి, పైగా అక్కడినుంచి వెనక్కి రావడం తేలిక కాదు. కుటుంబాన్ని తెచ్చుకునే ఆలోచన ఉన్నవారికి నా సలహా ప్రభుత్వ పద్ధతే.

రెండో మెట్టు: అద్దె ప్రకటనను చదవడం నేర్చుకోండి

ఇక్కడ అద్దెకు రెండు ముఖాలు. కాల్ట్‌మీటె అంటే చల్లని అద్దె, ఉత్త ఇంటికి కట్టేది. దానికి నీళ్లు, చెత్త, మెట్ల శుభ్రత, భవన బీమా వంటి నేబెన్‌కోస్టెన్‌నూ వేడి ఖర్చునూ కలిపితే వచ్చేది వార్మ్‌మీటె, అంటే వెచ్చని అద్దె. మన బడ్జెట్‌లోకి రావలసింది వెచ్చనిదే. అప్పుడు కూడా కరెంటు, ఇంటర్నెట్ అందులో సాధారణంగా ఉండవు. కొన్ని ఇళ్లలో గ్యాస్ బాయిలర్ ఇంటికే ప్రత్యేకంగా ఉంటుంది. అలాంటిచోట వెచ్చని అద్దె అని రాసినా వేడి ఖర్చు అందులో ఉండదు, గ్యాస్ కంపెనీకి వేరే కట్టాలి. ప్రకటన చూసినప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఇది.

కొత్తగా వచ్చినవారికి ఊరి నడిబొడ్డును చుట్టివచ్చే రింగ్ రైలు మార్గం లోపల ఒక గది స్టూడియో వెచ్చని అద్దె 900 నుంచి 1,200 యూరోల దాకా, సుమారు అరవై చదరపు మీటర్ల రెండు గదుల ఇల్లు 1,200 నుంచి 1,600 దాకా పలుకుతోంది. ఇక్కడ రెండు గదులంటే హాలూ పడకగదీ కలిపి రెండు, మన లెక్కలో సింగిల్ బెడ్‌రూమ్. రింగ్ దాటి ష్పాండౌ, మార్త్సాన్, కోపెనిక్ వైపు వెళితే కొంత తగ్గుతుంది. సామాన్లతో ఇచ్చే తాత్కాలిక ఇళ్లకు మాత్రం ఈ అంకెలు సరిపోవు, 1,500 కంటే తక్కువకు మంచిది దొరికితే అదృష్టమే. అయినా మొదటి మూడు నెలలు చాలామందికి అదే గతి, ఎందుకంటే సామాన్లు లేని ఇల్లు అద్దెకిచ్చేవారు మూడు నెలల జీతం చీటీలు, షూఫా అనే రుణ చరిత్ర పత్రం అడుగుతారు, అవి కొత్తవారి దగ్గర ఉండవు.

ఒప్పందం మీద సంతకం చేసే ముందు అద్దె పెరిగే పద్ధతి ఏమిటో చూడండి. ఇండెక్స్‌మీటె అని ఉంటే ధరల సూచీతోపాటు అద్దె పెరుగుతుంది, పైన చెప్పిన 15 శాతం హద్దు దానికి వర్తించదు. ష్టాఫెల్‌మీటె అని ఉంటే ఏ ఏడాది ఎంత పెరుగుతుందో ముందే రాసి ఉంటుంది. మీట్‌ప్రైస్‌బ్రెమ్సె అనే కళ్లెం కూడా ఒకటుంది. దాని ప్రకారం కొత్త ఒప్పందంలో అద్దె ఆ ప్రాంతపు పట్టిక ధరకు 10 శాతం మించకూడదు. కానీ 2014 అక్టోబరు 1 తర్వాత మొదటిసారి వాడకంలోకి వచ్చిన ఇళ్లకూ, తాత్కాలికంగా ఇచ్చేవాటికీ అది పట్టదు, మునుపటి అద్దెదారు అంతకంటే ఎక్కువ కట్టి ఉంటే దానికీ మినహాయింపు ఉంది. అద్దె అన్యాయంగా ఉందనిపిస్తే అద్దెదారుల సంఘంలో చేరి ఒప్పందం చూపించుకోవడం ఇక్కడ మామూలు విషయం, ఓనరుతో తగవు పెట్టుకోవడంగా ఎవరూ చూడరు.

ఇల్లు చూపించకుండా, తాళాలు పోస్టులో పంపుతాను ముందు డిపాజిట్ వేయండి అనేవాడు ఎవరైనా మోసగాడే. ఊరు కదలకముందే ఇల్లు కుదిరిపోవాలనే ఆత్రం మనవాళ్లకు ఎక్కువ, ఆ ఆత్రమే మోసగాళ్ల పెట్టుబడి.

మూడో మెట్టు: మొదటి మూడు నెలలకు చేతి డబ్బు సిద్ధం చేసుకోండి

జర్మనీలో జీతం సాధారణంగా నెలాఖరున వస్తుంది, అద్దె మాత్రం నెల మొదటి మూడు పనిదినాల్లోగా కట్టాలి. ఒకటో తేదీన ఉద్యోగంలో చేరినవారు తొలి జీతం చూసేలోపు ఒక నెల అద్దె, డిపాజిట్, తిండి అన్నీ దేశం నుంచి తెచ్చిన డబ్బుతోనే గడపాలి. మీ పన్ను గుర్తింపు సంఖ్య కంపెనీకి సమయానికి అందకపోతే తొలి జీతం మీద అత్యధిక కోత ఉండే ఆరో క్లాస్ లెక్కన పన్ను పట్టే సందర్భాలూ ఉన్నాయి. ఆ డబ్బు తర్వాత సర్దుబాటవుతుంది, కానీ ఆ నెల మాత్రం ఇబ్బందే.

ఆ సంఖ్య రావాలంటే ఆన్‌మెల్డుంగ్, అంటే నివాస నమోదు జరగాలి. ఇంట్లో చేరిన రెండు వారాల్లో చేయించుకోవాలని చట్టం చెబుతుంది. దానికి ఓనరు సంతకం చేసిన ధ్రువపత్రం తప్పనిసరి. తాత్కాలిక ఇల్లు తీసుకునేటప్పుడు ఇక్కడ నమోదు చేసుకోవచ్చా అని రాతపూర్వకంగా అడగండి. వీల్లేదంటే ఆ ఇల్లు ఎంత చవకైనా మీకు ఖరీదైనదే.

డిపాజిట్‌ను కౌట్సియోన్ అంటారు. చల్లని అద్దెకు మూడు రెట్లకు మించి అడగడానికి చట్టం ఒప్పుకోదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: దాన్ని మూడు సమాన నెల వాయిదాల్లో కట్టే హక్కు అద్దెదారుకు ఉంది. చల్లని అద్దె 1,000 అయితే ఒక్కసారిగా 3,000 బదులు నెలకు 1,000 చొప్పున కట్టవచ్చు. ఇల్లు ఖాళీగా వస్తుందనీ గుర్తుంచుకోండి. ఖాళీ అంటే ఇక్కడ నిజంగానే ఖాళీ. గదుల పైకప్పు నుంచి రెండు వైర్లు వేలాడుతుంటాయి, లైటు మనమే కొని బిగించుకోవాలి. వంటగదిలో స్టవ్, సింక్ ఉంటే ఉంటాయి, అల్మరాలు పాత అద్దెదారువైతే ఆయన వాటికి ధర కడతాడు. మంచం, పరుపు, వాషింగ్ మెషీన్, పాత్రలు, చలి కోట్లు, బూట్లు కలిపి పొదుపుగా కొన్నా 2,000 దాకా అవుతుంది. క్లైనాన్‌త్సైగెన్ అనే పాత వస్తువుల సైట్‌లో ఓపికగా వెతికితే ఇందులో సగం మిగులుతుంది. మేము కొన్న మొదటి సోఫాను 40 యూరోలకు తీసుకుని, ట్రామ్‌లో పట్టదని ఇద్దరం కలిసి ఆరు వీధులు మోసుకొచ్చాం.

ఇవన్నీ కూడితే ఒంటరిగా వచ్చేవారు 5,000 నుంచి 6,000 యూరోలు, కుటుంబంతో దిగేవారు 8,000 తగ్గకుండా చేతిలో పెట్టుకోవాలన్నది నా అభిప్రాయం. కంపెనీ రీలొకేషన్ భత్యం ఇస్తానంటే అది ముందే ఇస్తారా, బిల్లులు పెట్టాక ఇస్తారా అన్నది ఆఫర్ దశలోనే తేల్చుకోండి.

నాలుగో మెట్టు: ప్రతినెలా తప్పని చిల్లర ఖర్చులు

కరెంటు ఇక్కడ వాడినంతకు నెలనెలా కట్టేది కాదు. ఏడాదికి ఇంత వాడతారని అంచనా వేసి నెలకింత అబ్‌ష్లాగ్, అంటే ముందస్తు వాయిదా పట్టుకుంటారు, ఏడాది చివర మీటరు చూసి తేడా తేలుస్తారు. ఇంట్లో చేరిన రోజే మీటరు రీడింగ్ ఫోటో తీసి పెట్టుకోండి. మీరు కంపెనీని ఎంచుకోకపోతే ఆ ప్రాంతపు మూల సరఫరాదారు ఖాతాలోకి మీ పేరు దానంతటదే వెళ్లిపోతుంది, ఆ రేటు సాధారణంగా ఎక్కువ. దాన్ని రెండు వారాల నోటీసుతో ఎప్పుడైనా వదిలించుకోవచ్చు గనుక ధరలు పోల్చి చూసి మారిపోవాలి. ఇద్దరికి నెలకు 45 నుంచి 60 యూరోలు వేసుకోండి. స్నానాల గదిలో గోడకు అప్పటికప్పుడు నీళ్లు వేడిచేసే కరెంటు పెట్టె ఉంటే మాత్రం ఇంకో ముప్పై కలపాలి. నీళ్ల వేడి అద్దెలో కలిసిన ఇంటికీ, కరెంటుతో వేడయ్యే ఇంటికీ ఈ తేడా ప్రకటనలో కనిపించదు, స్నానాల గదిలో తలెత్తి చూస్తేనే తెలుస్తుంది.

టీవీ ఉన్నా లేకపోయినా ప్రతి ఇల్లూ కట్టవలసిన ప్రసార రుసుము రుండ్‌ఫుంక్‌బైట్రాగ్ నెలకు 18.36 యూరోలు. మూడు నెలలకు 55.08 చొప్పున వసూలు చేస్తారు. నివాస నమోదు వివరాలు వారికి అందుతాయి కాబట్టి ఉత్తరం తప్పక వస్తుంది. మోసమేమోనని చింపి పారేస్తే బకాయి పేరుకుపోతుంది. ముగ్గురు కుర్రాళ్లు ఒక ఇంట్లో ఉంటే ఒక్కరు కడితే చాలు, మిగతా ఇద్దరూ ఆయన ఖాతా సంఖ్య రాసి పంపాలి.

ఇంటర్నెట్, మొబైల్ కలిపి ఒకరికి 45 యూరోలు. ఇంటర్నెట్ ఒప్పందం మొదట రెండేళ్ల దాకా కట్టిపడేస్తుంది, ఆ గడువు దాటాక నెల నోటీసుతో ఎప్పుడైనా ఆపవచ్చు. ఇక హాఫ్ట్‌ఫ్లిష్ట్ అనే బాధ్యతా బీమా ఏడాదికి యాభై నుంచి వంద యూరోలలోపే దొరుకుతుంది. సైకిల్ తగిలి ఎవరి కారుకైనా గీత పడినా, వాషింగ్ మెషీన్ గొట్టం ఊడి కింది ఇంట్లోకి నీళ్లు కారినా ఆ భారం మీ మీదే పడే దేశమిది, కాబట్టి ఈ ఒక్క బీమా విషయంలో పిసినారితనం వద్దు.

ఐదో మెట్టు: వంటింటి లెక్క

ఇంట్లో వండుకునే తెలుగువారికి బెర్లిన్ ఖరీదైన ఊరు కాదు. ఇద్దరికి నెలకు 300 నుంచి 400 యూరోల్లో తృప్తిగా గడుస్తుంది, కానీ కొనే చోట్లు మూడుగా విడగొట్టుకోవాలి. పాలు, గుడ్లు, పిండి, ఉల్లి, బంగాళాదుంప, నూనె వంటివి ఆల్డి, లిడిల్, పెన్ని, నెట్టో దుకాణాల్లో. జీతం చీటీలో కనిపించే నెట్టోకూ ఈ దుకాణం పేరుకూ సంబంధం లేదు గానీ, నెలాఖరుకు రెండూ ఒకదాన్నొకటి గుర్తుచేస్తాయి. వంకాయ, బెండకాయ, పచ్చిమిర్చి, కట్టలకొద్దీ కొత్తిమీర, పుదీనా, బకెట్ పెరుగు టర్కీవారి అంగళ్లలో. నోయ్‌కోల్న్‌లో కాలువ ఒడ్డున మైబాఖ్‌ఊఫర్ సంత మంగళ, శుక్రవారాల్లో జరుగుతుంది. సాయంత్రం సంత ఎత్తేసే వేళకు వెళితే గిన్నెలో పోసి గిన్నెంతా ఒక్క యూరో అని అరుస్తుంటారు. ఆ కేకలు వింటే మన రైతుబజారు గుర్తుకు రాక మానదు. కందిపప్పు, మినప్పప్పు, సోనామసూరి, చింతపండు, గోంగూర పచ్చడి మాత్రమే భారతీయ దుకాణం నుంచి తెచ్చుకోవాలి. ఉల్లి దగ్గర నుంచి సబ్బు దాకా అన్నీ అక్కడే కొనేవారి లెక్క నెలకు వంద యూరోలు ఎక్కువ తేలుతుంది. బియ్యం పది కిలోల సంచీ తీసుకుంటే కిలో ధర బాగా తగ్గుతుంది.

కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగవచ్చు. సీసా నీళ్లు కొంటే ధరతోపాటు ఒకసారి వాడి పారేసే రకం ప్లాస్టిక్ సీసా ఒక్కోదానికి 25 సెంట్ల ఫాండ్ డిపాజిట్ పడుతుంది, ఖాళీ సీసా దుకాణంలోని యంత్రంలో వేస్తే తిరిగి వస్తుంది. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. శనివారం సాయంత్రం సరుకులు మరచిపోయినవారు ఆదివారం హోటల్‌కో స్టేషన్ దుకాణానికో సమర్పించుకునే సొమ్ము ఏడాదికి లెక్కవేస్తే చిన్నది కాదు. డోనర్ కబాబ్ ఒకటి ఏడెనిమిది యూరోలు, ఇద్దరు కూర్చుని తినే భారతీయ భోజనం నలభై దగ్గర. యూరో నూరు రూపాయలకు అటూఇటూ తిరుగుతున్న రోజుల్లో మొదటి ఆరు నెలలు ప్రతి ధరనూ రూపాయల్లోకి మార్చుకోవడం అందరం చేసినదే. జీతాన్ని అలా మార్చి సంబరపడి, టీ ధరను మార్చి దిగులుపడితే లెక్క ఎన్నటికీ కుదరదు. ఖర్చును జీతంలో శాతంగా చూడటం అలవాటు చేసుకోండి.

ఆరో మెట్టు: ప్రయాణం

కారు అక్కర్లేదు. దేశమంతటా ఊరి రవాణాలోనూ ప్రాంతీయ రైళ్లలోనూ చెల్లే డాయిచ్‌లాండ్ టికెట్ 2023 మేలో 49 యూరోలతో మొదలై, 2025లో 58 అయి, 2026 జనవరి నుంచి 63 అయింది. చాలా కంపెనీలు ఇందులో కొంత భరిస్తాయి, అడగండి. ఇది చందా కాబట్టి నెల పదో తేదీలోగా ఆపకపోతే వచ్చే నెలకూ డబ్బు పోతుంది. టికెట్ లేకుండా పట్టుబడితే 60 యూరోల జరిమానా, కొత్తవాణ్ననే సాకు చెల్లదు. ఆరేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు, బెర్లిన్ బడిపిల్లలకు ఊరి లోపల ప్రయాణం ఉచితం.

ఏడో మెట్టు: పిల్లలున్న ఇల్లు

జర్మనీలోని చాలా ఊళ్లతో పోలిస్తే బెర్లిన్‌కు మొగ్గు చూపవలసిన కారణం ఇక్కడుంది. 2018 ఆగస్టు నుంచి ఈ నగరంలో బడికి ముందు వయసు పిల్లలందరికీ కీటా, అంటే శిశు పాఠశాల రుసుము లేదు, మధ్యాహ్న భోజనానికి నెలకు 23 యూరోలు కడితే చాలు. అదనపు కార్యక్రమాలు, అల్పాహారం పేరుతో కొన్ని కీటాలు ఇంకొంత అడుగుతాయి. ఫీజు లేదు గానీ మేము వెతికిన రోజుల్లో సీటు దొరకడమే గగనంగా ఉండేది. ముందు యూగెండ్‌ఆమ్ట్ అనే కార్యాలయం నుంచి గుట్‌షైన్ అనే అర్హత పత్రం తీసుకుని, ఆపైన ఒక్కొక్క కీటాకూ మీరే రాసుకోవాలి. మా అమ్మాయి కోసం ముప్పైకి పైగా కీటాలకు రాస్తే జవాబిచ్చినవి నాలుగు, సీటిచ్చింది ఒకటి, అదీ ఎనిమిది నెలల తర్వాత. ఆ ఎనిమిది నెలలూ ఇద్దరిలో ఒకరు ఉద్యోగానికి వెళ్లలేకపోవడమే అసలు ఖర్చు, ఏ బడ్జెట్ పట్టికలోనూ అది కనిపించదు. రెండో జీతం మీద ఆధారపడి లెక్క వేసుకున్నవారు దాన్ని మొదటి ఏడాదికి సున్నాగా రాసుకోండి.

ప్రభుత్వ బడులకు ఫీజు లేదు, ఆరో తరగతి దాకా మధ్యాహ్న భోజనం కూడా 2019 నుంచి ఉచితమే. ప్రతి బిడ్డకూ ప్రభుత్వం ఇచ్చే కిండర్‌గెల్డ్ 2025లో నెలకు 255 యూరోలు, 2026 నుంచి 259. బ్లూ కార్డు (నిపుణులైన ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) మీద వచ్చినవారికీ ఇది వర్తిస్తుంది. దరఖాస్తు ఆలస్యమైతే వెనక్కి ఆరు నెలలకు మించి ఇవ్వరు కాబట్టి పిల్లల పన్ను సంఖ్య రాగానే పెట్టేయండి.

ఎనిమిదో మెట్టు: ఏడాదికోసారి వచ్చే ఉత్తరాలు

నెల లెక్క సరిగ్గా వేసుకున్నవారిని కూడా కూలదోసేది ఒక కవరు. నేబెన్‌కోస్టెన్ కింద నెలనెలా మీరు కట్టేది ముందస్తు వాయిదా మాత్రమే, ఏడాది ముగిసిన తర్వాత పన్నెండు నెలల్లోగా ఓనరు అసలు లెక్క పంపుతాడు. తక్కువ వాడి ఉంటే డబ్బు తిరిగి వస్తుంది, ఎక్కువ వాడి ఉంటే నాఖ్‌ట్సాలుంగ్, అంటే మిగతాది కట్టమని. మా మొదటి చలికాలం రేడియేటర్ల మీటలు పగలూ రాత్రీ ఐదో అంకె మీదే ఉండేవి. పోపు వాసన పోవడానికి కిటికీలు పైనుంచి వాలుగా తెరిచి గంటలకొద్దీ అలాగే వదిలేసేవాళ్లం, అంటే ఒక చేత్తో ఇల్లు కాచుకుంటూ ఇంకో చేత్తో వీధిని కాచాం. మరుసటి ఏడాది దీపావళి ముందు వచ్చిన ఉత్తరంలో 640 యూరోలు కట్టమని ఉంది. ఇక్కడివారు చేసేది వేరు: మీట మూడు మీద ఉంచి, రోజుకు రెండు మూడుసార్లు రేడియేటర్ ఆపి, కిటికీలు బార్లా తెరిచి ఐదు పది నిమిషాల్లో మూసేస్తారు. గోడలకు బూజు పట్టకుండా ఉండటానికి కూడా అదే మార్గం.

పన్నెండు నెలల గడువు దాటి వచ్చిన లెక్క మీద ఓనరు సాధారణంగా అదనపు డబ్బు అడగలేడు. లెక్కలో అనుమానముంటే అభ్యంతరం చెప్పడానికి మీకూ పన్నెండు నెలలు సమయముంటుంది. నెలకు 50 యూరోలు ఈ కవరు కోసమే పక్కన పెట్టుకుంటే ఆ రోజు గుండె జారదు.

ఇండియా ప్రయాణం రెండో పెద్ద పద్దు. బడి సెలవుల్లో ముగ్గురి టికెట్లు, ఇంటికి తీసుకెళ్లే వస్తువులు, అక్కడి పెళ్లిళ్లు, బంధువులు కలిపి మూడు వేలకు తగ్గడం లేదు, అంటే నెలకు 250. వైద్యం వైపు పెద్ద భయం అక్కర్లేదు. డాక్టరుకు ఫీజు కట్టనక్కర లేదు, మందు ఒక్కింటికి 5 నుంచి 10 యూరోలు, ఆసుపత్రిలో ఉంటే రోజుకు 10 యూరోల చొప్పున ఏడాదికి 28 రోజుల వరకే. పళ్ల తొడుగులకూ కళ్లజోళ్లకూ మాత్రం చేతి డబ్బు బాగానే పడుతుంది.

తొమ్మిదో మెట్టు: రెండు ఇళ్ల పద్దు

65,000 జీతంతో ఒంటరిగా ఉండే ఉద్యోగి: స్టూడియో వెచ్చని అద్దె 1,050, కరెంటు 40, ఇంటర్నెట్ మొబైల్ 45, ప్రసార రుసుము 18, టికెట్ 63, సరుకులు 220, బయటి తిండి 150, బట్టలు ఇతరాలు 130, బీమా 8, ఇండియా ప్రయాణం 90, ఉత్తరాల నిధి 30. మొత్తం 1,844. చేతికొచ్చే 3,330లో 1,480 పైగా మిగులుతుంది. పొదుపు చేయాలంటే ఇదే కాలం, ఇది తిరిగి రాదు.

అదే జీతంతో భార్య, కీటా వయసు బిడ్డ ఉన్న ఇల్లు: వెచ్చని అద్దె 1,650, కరెంటు 75, ఇంటర్నెట్ రెండు మొబైళ్లు 60, ప్రసార రుసుము 18, రెండు టికెట్లు 126, సరుకులు 500, కీటా భోజనం 23, డయపర్లు ఇంటి సామాన్లు 100, బయటి తిండి 150, బీమా 15, బట్టలు 120, ఇండియా ప్రయాణం 250, ఉత్తరాల నిధి 50. మొత్తం 3,137. జీతం 3,750కి కిండర్‌గెల్డ్ 259 కలిపితే వచ్చేది 4,009, మిగిలేది 870 చిల్లర. ఊళ్లో ఫ్లాటు మీద ఈఎంఐ ఎనభై వేల రూపాయలుంటే ఆ మిగులు దాదాపు అంతా దానికే పోతుంది. అప్పుడు తేల్చుకోవలసింది బెర్లిన్ రావాలా వద్దా అని కాదు, ఆ అప్పును ముందే తగ్గించుకోవాలా, ఏడాది జీతం ఇంకో ఐదారు వేల యూరోలు అడగాలా అన్నది.

చదువుకు వచ్చేవారికి వీసా కోసం బ్లాక్డ్ ఖాతాలో 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992 చూపించాలి. బెర్లిన్‌లో షేరింగ్ గది 550 నుంచి 700 అవుతుంది, విద్యార్థి బీమా 140 దాటుతుంది, కాబట్టి ఆ 992 సరిగ్గా సరిపోవడమే కష్టం. విశ్వవిద్యాలయంలో సీటు ఖాయమైన రోజే, తరగతుల కోసం ఆగకుండా విద్యార్థి హాస్టల్‌కు దరఖాస్తు చేయాలి.

పదో మెట్టు: ఏడాది తిరిగాక

తప్పనిసరి కానివారు కూడా మొదటి ఏడాది ట్యాక్స్ రిటర్న్ వేయండి, స్వచ్ఛందంగా వేయడానికి నాలుగేళ్ల గడువుంది. ఏడాది మధ్యలో వచ్చినవారికి తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ, ఎందుకంటే నెలనెలా కోత ఏడాది పొడవునా అదే జీతం ఉంటుందన్న లెక్కన పట్టి ఉంటారు. అయితే వచ్చే ముందు ఇండియాలో సంపాదించిన జీతాన్ని కూడా ఫారంలో చూపాలి, దాని మీద ఇక్కడ పన్ను పడకపోయినా పన్ను రేటును నిర్ణయించడంలో లెక్కలోకి తీసుకుంటారు. ఉద్యోగం కోసం ఇల్లు మారిన ఖర్చుల బిల్లులు, ఇంటి నుంచి పనిచేసిన రోజుల లెక్క సిద్ధంగా ఉంచుకోండి. మాకు మొదటి ఏడాది తిరిగి వచ్చిన సొమ్ము, ఆ 640 యూరోల ఉత్తరానికి సరిపోయి ఇంకా కొంత మిగిలింది. ఆ మిగిలినదానితో రేడియేటర్లకు గంటల ప్రకారం తమంతట తామే తగ్గే మీటలు కొని బిగించాం.